పన్ను తగ్గిస్తే మేలా, ఖర్చు తగ్గిస్తే మేలా? సిమెంటు షాపులో కూర్చుని చూస్తే

సర్కారు చేతిలో పైసలు లేనప్పుడు ఏం చేయాలి? పన్నులు తగ్గించి జనం జేబులో నాలుగు రూపాయలు మిగిలిస్తే బేరాలు పెరిగి ఖజానా దానంతటదే నిండుతుందనేవాళ్లు ఒకవైపు, ముందు మీ ఖర్చులు తగ్గించుకోండి సారూ అనేవాళ్లు ఇంకోవైపు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద నాకు చిన్న సిమెంటు, ఇనుము షాపుంది. ఈ రెండు వర్గాలూ రోజూ నా కౌంటరు ముందే చాయ్ తాగుతూ కొట్లాడుకుంటాయి, చాయ్ పైసలు మాత్రం నావి.

అసలు తగ్గించుదామన్నా రాష్ట్రం చేతిలో ఏ పన్నులున్నాయి? 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక చాలా సరుకుల మీద రేటు మనవాళ్లు ఒక్కరే కూర్చుని తేల్చేది కాదు, కౌన్సిల్ తేల్చాలి. సొంతంగా మిగిలినవి పెట్రోలు, డీజిల్, మందు, భూముల రిజిస్ట్రేషన్లు, బండ్ల ట్యాక్సు, ఇంకా చిల్లర మల్లర. మందు మీద తగ్గించమని పగటిపూట ఎవరూ అడగరు. రిజిస్ట్రేషన్ల దాకా పోయేవాడికి ఎట్లాగూ స్తోమత ఉంటుంది. కాబట్టి పన్ను కోత అంటే తిరిగి తిరిగి డీజిల్ దగ్గరికే వస్తుంది.

డీజిల్ మీద మన దగ్గర వ్యాట్ 27 శాతం, పెట్రోలు మీద 35.2 శాతం. 2015 మొదట్లో పెంచిన రేట్లివి. లీటరు డీజిల్ 95, 96 రూపాయలనుకుంటే అందులో 20 దాకా రాష్ట్రానికే పోతుంది. 2021 నవంబరులో కేంద్రం డీజిల్ మీద 10 రూపాయలు, పెట్రోలు మీద 5 రూపాయలు ఎక్సైజు తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వ్యాట్ కూడా కొంత తగ్గించాయి, మనవాళ్లు తగ్గించలేదు. తర్వాత సర్కారు మారింది కానీ బంకులో రేటు చూస్తే మారినట్టు అనిపించదు. నా టాటా ఏస్‌కి డీజిల్ కొట్టించిన ప్రతిసారీ నాకూ మండుతుంది.

అయితే పాలమూరు సరిహద్దు చూడండి. మక్తల్ దాటి కృష్ణా మండలం వైపు పోతే, రాయచూరు పోయొచ్చే బండ్లు అక్కడే ట్యాంకు నింపుకొని వస్తాయి, కర్ణాటకలో మనకంటే చవక. ఇటు మా జిల్లాలో వాడపల్లి దగ్గర కథ తిరగబడుతుంది, నది దాటితే ఆంధ్రలో రేటు మనకంటే ఎక్కువ కాబట్టి లారీలు మన ఒడ్డునే నింపుకుంటాయి. రేటు తగ్గిస్తే బేరం పెరుగుతుందనే మాట అబద్ధం కాదు, కాకపోతే అది సరిహద్దు మండలాల వరకే. మిగతా రాష్ట్రంలో నిన్న పది లీటర్లు కొట్టించినవాడు రేపూ పదే కొట్టిస్తాడు, తగ్గించిన ప్రతి రూపాయీ ఖజానాకు నికరంగా పోయినట్టే. చవకగా అమ్మే ఆ కర్ణాటకే 2024 జూన్‌లో పైసలు చాలక లీటరుకు సుమారు 3 రూపాయలు పెంచింది.

పన్ను తగ్గితే ఏమవుతుందో నా షాపులోనే చూశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, బస్తాకు పాతిక ముప్పై రూపాయలు తగ్గింది. ఎవరైనా 400 బస్తాలు కొంటే పదివేల పైన మిగిలింది. మంచిదే. కానీ ఆ పదివేల కోసం కొత్తగా ఇంటికి ముగ్గు పోసినవాణ్ని నేను ఒక్కణ్ని కూడా చూడలేదు, అప్పటికే కడుతున్నవాళ్లు టైల్స్ కొంచెం మంచివి వేసుకున్నారు, అంతే. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం 2012లో ఇదే నమ్మకంతో ఆదాయపు పన్ను బాగా తగ్గించింది. అనుకున్నంత పెరుగుదల రాలేదు, ఖజానాకు బొక్క పడింది, 2017లో గవర్నర్ వీటోను కూడా కాదని అక్కడి శాసనసభే ఆ కోతలు చాలావరకు రద్దు చేసింది.

ఇంకొకటి, రాష్ట్రం నోట్లు అచ్చేసుకోలేదు, కేంద్రం ఒప్పుకోకుండా ఇష్టమొచ్చినంత అప్పూ తేలేదు. రాజ్యాంగంలో 293వ అధికరణం ఉంది, ఆపైన రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం చుట్టూ గీసిన గీత ఉంది. అందుకే లోటున్నప్పుడు పన్ను తగ్గించడమంటే, ఆ మేరకు రెండు నెలల తర్వాత ఎక్కడో ఖర్చు ఆపడమే. ఎక్కడ ఆపుతారో ఆ రోజు చెప్పరు.

సరే, నేరుగా ఖర్చే తగ్గిద్దాం. నెలకు సుమారు 18,500 కోట్లు వస్తుంటే జీతాలు, పింఛన్లకు 6,500 కోట్లు, అప్పుల కిస్తీలకు, మిత్తికి దాదాపు అంతే పోతున్నాయని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025లో చెప్పారు. మిగిలిన ఐదారు వేల కోట్లలోనే బియ్యం, కరెంటు, ఉచిత బస్సు, రైతు భరోసా, రోడ్లు, కాలువలు అన్నీ. కోసేది ఎక్కడ?

జీతాలు ఒకసారి కోశారు. 2020 మార్చి చివర కరోనా టైమ్‌లో ఎమ్మెల్యేలకు 75 శాతం, ఐఏఎస్‌లకు 60, మామూలు ఉద్యోగులకు 50, నాలుగో తరగతి వాళ్లకు 10 శాతం ఆపారు, తర్వాత వాయిదాల్లో ఇచ్చారు. పింఛనుదార్లకు కూడా సగం ఆపడం నాకు నచ్చలేదు కానీ, అది కనీసం బయటికి చెప్పి చేసిన కోత. ఎవరికి ఎంతో అందరికీ తెలుసు.

రైతు భరోసా ఎకరాకు పంటకు 6,000. మునుగోడు వైపు నాకు ఆరెకరాలుంది, షాపు మీద బతికే నాకూ 36 వేలు పడుతుంది. ఐదెకరాలని గీత గీస్తే నేను అవతల పడతాను, ఇంట్లో గొడవ కూడా అవుతుంది, అయినా గీయాల్సిందే అంటాను.

కోయకూడనిది సగంలో ఉన్న పని. మా జిల్లాకు శ్రీశైలం నీళ్లు తెచ్చే ఎస్ఎల్‌బీసీ సొరంగం సుమారు 44 కిలోమీటర్లు, మొదలై ఇరవై ఏళ్లు. మిషన్ పాడైంది, నీళ్ల ఊట, పైసలు లేక ఆగింది, ఇట్లా ఒకటి కాదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. పైసల్లేవని ఏడాది ఆపిన పనికి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పాత రేటు ఉండదు, అప్పటిదాకా పెట్టింది నీళ్లివ్వదు, దాని మీద మిత్తి మాత్రం ఆగదు.

కానీ నిజంగా జరిగేది పన్ను కోతా కాదు, ఇట్లా చెప్పి చేసే ఖర్చు కోతా కాదు. మూడోది ఒకటుంది, దాని పేరు పెండింగు.

2021లో ఒక ఊరి సర్పంచి వైకుంఠధామం (ఊరి శ్మశానం), సీసీ రోడ్డు పనులకు నా దగ్గర సిమెంటు, సలాకలు ఉద్దెరకు తీసుకుపోయాడు. మంచి మనిషి, మాటకు నిలబడతాడు, అందుకే ఇచ్చాను. పని అయింది, ఎంబీ (పని కొలతల పుస్తకం) రాశారు, చెక్కు ట్రెజరీకి పోయింది. "అన్నా, టోకెన్ పడ్డది, వారంల వస్తయి" అని ఫోన్ చేశాడు. టోకెన్ అంటే ట్రెజరీలో బిల్లుకు పడే వరుస నంబరు. ఆ వారం ఇంకా కాలేదు. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలమే అయిపోయింది. నాకు రావాల్సింది 1,60,000. మొహం చెల్లక నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి అందులో సగం కట్టాడు, అంటే నా మీది బరువు సగం ఆయన నెత్తికి పోయింది. ఉద్దెర బుక్కులో ఆయన పేజీ మూలలు నలిగిపోయాయి, తీసి చూడటమే తప్ప కొట్టేయడం లేదు.

ఇందులో లెక్క చూడండి. సర్కారు బాండ్లు అమ్మి అప్పు తెస్తే ఏడాదికి 7 శాతం, కొంచెం అటూ ఇటూ. మా సర్పంచి తెచ్చింది ఏడాదికి 24 శాతానికి. చవకగా అప్పు పుట్టేవాడు తేవడం మానేసి, ఖరీదుగా పుట్టేవాడి చేత తెప్పించాడన్నమాట. బడ్జెట్ పుస్తకంలో ఇది అప్పుగా కనబడదు, లోటుగానూ కనబడదు. పన్ను తగ్గిస్తే నాకు డీజిల్ మీద నెలకు ఐదారు వందలు మిగులుతుందేమో, ఈ ఒక్క పేజీ మీద పూర్తి బాకీకి రెండు రూపాయల మిత్తి వేసుకుంటే నెలకు 3,200.

కాబట్టి నా ఓటు ఖర్చు కోతకే. గీత గీసి, పేరు చెప్పి, అసెంబ్లీలో లేచి నిలబడి, ఫలానావాళ్లకు ఈ ఏడాది ఇవ్వం అని చెప్పే కోతకు. డీజిల్ మీద పన్ను ఇప్పుడున్నది ఉండనీయండి, కట్టుకుంటాం. ఆ వచ్చిన పైసల్లో మొదట పాత టోకెన్లు క్లియర్ చేయాలి, ఆ తర్వాతే కొత్త శంకుస్థాపనలు.

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో ఆ ఊరికి కొత్త సర్పంచి వచ్చాడు, కుర్రవాడు. మొన్న మురికికాలువకు అరవై బస్తాలు కావాలని వచ్చాడు.

"నగదుకైతే ఒక రేటు, పంచాయతీకైతే బస్తాకు నలభై ఎక్కువ" అన్నాను.

"గదేందన్నా, రెండు రేట్లు?"

బుక్కు తీసి పాత పేజీ చూపించాను. చదివాడు, చాయ్ తాగాడు, నలభై ఎక్కువకే రాసుకోమన్నాడు.