పార్టీ ప్రధాన కార్యదర్శి: డెంగ్ నాటి పదవి, 1982 తర్వాతి పదవి

1956లో చైనా కమ్యూనిస్టు పార్టీ ఎనిమిదవ మహాసభ తర్వాత డెంగ్ షియావోపింగ్ చేపట్టిన ప్రధాన కార్యదర్శి పదవి ముఖ్యంగా పాలనా బాధ్యత. పార్టీ అధ్యక్షుడు మావో, పొలిట్‌బ్యూరో తీసుకున్న నిర్ణయాలను సచివాలయం ద్వారా కింది శాఖలకు చేర్చి, వాటి అమలును పర్యవేక్షించి, రోజువారీ వ్యవహారాలను నడిపించడమే ఆయన పని. పలుకుబడి తక్కువేమీ కాదు గానీ, అది మావో నమ్మకం మీద నిలిచినది. సాంస్కృతిక విప్లవంలో ఆ నమ్మకంతో పాటే పదవీ పోయింది.

1982లో పన్నెండవ మహాసభ అధ్యక్ష పదవినే రద్దు చేయడంతో ప్రధాన కార్యదర్శి పార్టీలో అగ్రస్థానానికి చేరారు. అయినా నిబంధనావళి ఆయనకు అప్పగించినవి పొలిట్‌బ్యూరో, దాని స్థాయీ సంఘం సమావేశాలను ఏర్పాటు చేయడం, సచివాలయ పనిని నిర్వహించడం మాత్రమే. హోదా పెరిగినంతగా బలం పెరగలేదని నా అభిప్రాయం: సైన్యాన్ని నియంత్రించే కేంద్ర సైనిక కమిషన్ అధ్యక్షుడిగా డెంగే ఉన్న ఆ రోజుల్లో ప్రధాన కార్యదర్శి హు యావోబాంగ్ 1987లో రాజీనామా చేయవలసి వచ్చింది, ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చిన జావో జియాంగ్‌ను 1989లో తొలగించారు. అదే ఏడాది జియాంగ్ జెమిన్‌కు పార్టీ పదవి, ఆపై సైనిక కమిషన్, 1993లో దేశాధ్యక్ష పదవి దక్కాయి. షీ జిన్‌పింగ్ 2012 నవంబరులో మొదటి రెండింటినీ ఒకేసారి అందుకున్నారు.