భీష్ముడు, శక్తిమాన్, గంగాధర్: బరంపురం అద్దె డ్రెస్సుల షాపులో ఏది తీసుకోవచ్చు, ఏది వదిలేయాలి

ఠాకురాణి యాత్ర వచ్చే ఏడు బరంపురంలో అద్దె డ్రెస్సుల షాపులకి ఊపిరి సలపదు. రెండేళ్లకోసారి, ఎండలు ముదిరే వేళకి వచ్చే జాతర అది. దేశిబెహెరా వీధిలో అమ్మవారు కొలువుదీరినన్నాళ్లూ మొక్కున్నవాళ్లు వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతూనే ఉంటారు. పులి, శివుడు, కాళి ఎప్పుడూ ఉండేవే. యాత్ర లేని ఏడు స్కూలు వార్షికోత్సవాలు ఈ షాపులకి తిండి పెడతాయి. పాత బస్టాండు వైపున్న ఒక షాపులో మాత్రం గోడకి మూడు సెట్లు పక్కపక్కనే వేలాడుతుంటాయి: భీష్ముడు, శక్తిమాన్, గంగాధర్. మూడూ హిందీ నటుడు ముకేశ్ ఖన్నా టీవీలో వేసిన వేషాలే. గంగాధర్ అంటే శక్తిమాన్ మామూలు మనిషిగా తిరిగే మారువేషం. యజమాని తెలుగాయనే, బిల్లు మాత్రం ఒడియాలో వస్తుంది.

ఈ మూడింటినీ ఒకచోట పెట్టడం తెలివైన పనే. బి.ఆర్. చోప్రా మహాభారతం 1988 అక్టోబర్ 2న దూరదర్శన్‌లో మొదలై 1990 దాకా 94 భాగాలు నడిచింది. ఖన్నాని దేశమంతా గుర్తుపట్టింది అందులోని భీష్ముడిగానే. తర్వాత ఆయన పెట్టుకున్న నిర్మాణ సంస్థ పేరు కూడా భీష్మ్ ఇంటర్నేషనలే. 1997 సెప్టెంబర్ 13న మొదలైన సూపర్‌హీరో సీరియల్ శక్తిమాన్‌ని తీసింది ఆ సంస్థే. దర్శకుడు దినకర్ జానీ. 2005 దాకా సాగిన ఆ సీరియల్‌ని ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి కళ్లప్పగించి చూసిన పిల్లలు ఇప్పుడు తండ్రులై ఈ షాపు మెట్లెక్కుతున్నారు. కొడుకు స్పైడర్‌మ్యాన్ కావాలంటాడు, తండ్రి శక్తిమాన్ దగ్గర ఆగిపోతాడు. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్లీ వేసినప్పుడు చూసిన పిల్లలైతే కాస్త త్వరగా ఒప్పుకుంటారు.

ముందు శక్తిమాన్ సెట్టు. పిల్లల సైజు రోజుకి 250, పెద్దలది 400, అడ్వాన్సు వెయ్యి. అడిగితే మొదట చేతికిచ్చేది మందారం ఎరుపు సూటు. అది తీసుకోకండి. శక్తిమాన్‌ది ముదురు మెరూన్. మందారం ఎరుపు మీద బంగారు రంగు పడితే దూరం నుంచి బ్యాండుమేళం యూనిఫారంలా ఉంటుంది. లోపల రెండు మెరూన్ సూట్లున్నాయి, అడిగితే తీస్తారు. గుడ్డ నాలుగువైపులా సాగే లైక్రానా, రెండువైపులే సాగేదా అన్నది అక్కడే లాగి చూడండి. రెండోరకమైతే కూర్చోగానే మోకాళ్ల దగ్గర సంచులు దిగుతాయి, చెయ్యి పైకెత్తితే చంకలో కుట్టు పోతుంది. ఈ వేషమంతా చెయ్యి పైకెత్తి గిర్రున తిరగడంలోనే ఉంది కాబట్టి చంక కుట్టే దీనికి ఆయువుపట్టు. అక్కడ పలక ఆకారంలో అదనపు గుడ్డముక్క వేసి కుట్టిన సూటయితే నిలబడుతుంది. షాపులో ఒక్కదానికే అలా ఉంది.

ఛాతీ మీది బంగారు చక్రం ఇంకో తలనొప్పి. మూడు మిల్లీమీటర్ల ఫోమ్ షీటు మీద బంగారు రెక్సిన్ అతికించి, దాన్ని రబ్బరు గమ్‌తో సూటుకి అంటించారు. లైక్రా సాగుతుంది, ఫోమ్ సాగదు. పైగా సముద్రపు తేమ, చెమట. రెండు గంటలు తిరిగేసరికి అంచులు లేచి చక్రం అప్పడంలా వంకరపోతుంది. గమ్ మళ్లీ రాస్తే లాభం లేదు, గుడ్డ మీద నల్లటి మరక మిగులుతుంది. చక్రం చుట్టూ అర అంగుళానికో టాకా చొప్పున చేతికుట్టు వేయించుకోండి. అడిగితే షాపులోనే వేస్తారు, డబ్బులు తీసుకోరు, అడగకపోతే వెయ్యరు.

జిప్పు వీపున ఉంటుంది. చిన్నపిల్లలకి ఇది నరకం: బాత్రూముకి వెళ్లాలంటే సూటంతా దించాలి. నడుము దగ్గర బంగారు బెల్టు ఎలాగూ ఉంటుంది కాబట్టి పైదీ కిందదీ విడిగా కుట్టినా ఎవరికీ తెలియదు. ఆ మాటే చెప్పాం. ఈసారి కుట్టించేవి అలాగే చేయిస్తామన్నారు. లోపల నూలు బనీను వేయకుండా లైక్రా తొడిగితే బరంపురం ఎండకి పావుగంటలో ఒళ్లు పేలుతుంది. సూర్యుడు దిగాకే కట్టించండి. జోళ్ల బదులు ఇచ్చేవి ఉత్త గుడ్డ తొడుగులు. అడుగున రబ్బరు లేదు, నున్నటి స్టేజీ మీద తిరిగితే జారడం ఖాయం. స్కూలు బూట్ల మీదే ఆ తొడుగులు ఎక్కించి, తొడుగుల అడుగు భాగం కత్తిరించమనండి. ఇంకో ముక్క: ఈ సెట్టులో వీపున వేలాడే ఎర్ర కేపు ఒకటి కలిపి ఇస్తారు. శక్తిమాన్‌కి కేపూ లేదు, ముసుగూ లేదు. అక్కడే వదిలేసి రండి. సీరియల్లో ఆ ఎగరడాలూ గిర్రున తిరగడాలూ కెమెరా మాయలని ఇంట్లో విడమరచి చెప్పకుండా మాత్రం పిల్లాడికి ఈ సూటు తొడగొద్దు.

భీష్ముడి సెట్టు 600. నిరాశే. మన తెలుగువాళ్ల కళ్లలో భీష్ముడంటే 1962 సినిమాలో ఎన్టీఆరే, షాపువాళ్లూ ఆ దారిలోనే వెళ్లారు: జరీ అంచు పట్టుబట్ట, పద్యనాటకం కిరీటం, రాళ్ల భుజకీర్తులు. పద్యం పాడేవాళ్లకి బాగానే ఉంటుంది. సీరియల్ భీష్ముడు కావాలంటే తెల్లబట్ట, వెండిరంగు కవచం, తెల్లగడ్డం ఉండాలి, మెరుపు తక్కువ. కవచం ఫైబరుది కాదు, అట్టకి వెండిరేకు. మడత పడితే గీత పోదు. గడ్డానికి ఎలాస్టిక్ తాడు, చెవుల మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మీసం, గడ్డం ఒకే ముక్కగా ఉండటం అసలు లోపం: నోరు తెరిస్తే మొత్తం కదులుతుంది. ఖన్నా భీష్ముడి బలమంతా ఆ గొంతులోనే ఉందాయె, నోరు తెరవలేని భీష్ముడెందుకు? నాటకాల మేకప్ ఆయన్ని పిలిపించి మీసం వేరుగా, గడ్డం వేరుగా స్పిరిట్ గమ్ అనే మేకప్ జిగురుతో అంటించుకోండి. ముందురోజు మోచేతి లోపల ఒక చుక్క రాసి చూడండి, దురద పుడితే మానేయండి. తీసేటప్పుడు కొబ్బరినూనె పట్టించి నాననివ్వాలి, పీకకూడదు.

గంగాధర్ సెట్టు 150 రూపాయలే, షాపులో అన్నిటికన్నా పనికొచ్చేది అదే. నల్లటి దళసరి ఫ్రేము కళ్లజోడు, కుర్తా, మెడలో వేలాడే పాత కెమెరా డొల్ల. పండిత గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి ‘ఆజ్ కీ ఆవాజ్’ పత్రికలో ఫొటోగ్రాఫర్ కదా, కెమెరా లేకపోతే వేషం సగమే. కళ్లజోడులో అద్దాలు తీసేశారు, మంచి పని. ఫొటోలో మెరుపు కొట్టదు, పిల్లాడికి తల తిరగదు. ఎత్తుపళ్లు ప్లాస్టిక్‌వి, ఎంతమంది నోట్లో పెట్టుకున్నారో తెలియదు. అవి వద్దనండి. నూనె రాసి తల నున్నగా దువ్వి, పై పెదవి కాస్త ఎత్తి మాట్లాడటం నేర్పితే చాలు. ముకేశ్ ఖన్నా పనితనం కండల్లో కన్నా ఇక్కడే ఎక్కువుందని మా అభిప్రాయం. శపథం పట్టిన పితామహుడిగా స్థిరపడ్డ మొహాన్నే పళ్లికిలించే అమాయకుడిగా మార్చి ఏళ్ల తరబడి నవ్వించాడు. స్టేజీ మీద ఒకడు గంగాధర్‌గా వెళ్లి తెర వెనక నుంచి ఇంకొకడు శక్తిమాన్‌గా వస్తే చప్పట్లు ఎక్కడ పడతాయో చూడండి. రెండు సెట్లూ కలిపి తీసుకుంటే యాభై తగ్గిస్తారు.

శక్తిమాన్ శత్రువు కిల్విష్ సెట్టు లేదు. అడిగేవాళ్లున్నారట, నల్ల శాలువా ఇచ్చి సరిపెడుతున్నారు. మహాభారతంలో ద్రోణుడు వేసిన సురేంద్రపాలే కిల్విష్ కూడా కాబట్టి, ఆ ద్రోణుడి సెట్టు కూడా పెడితే గోడ నిండుతుంది. 2002లో వచ్చిన ఖన్నా ఇంకో సీరియల్ ఆర్యమాన్‌ని ఎవరూ అడగరు, పెట్టకపోయినా నష్టం లేదు.

అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు బంగారు ఫాయిల్ పగిలిందని 200 పట్టుకోవడం ఇక్కడ మామూలు. ఫాయిల్ ఇస్త్రీ పెడితే పగులుతుంది, వేడినీళ్లలో నానబెట్టినా పగులుతుంది. చాలాసార్లు మీ చేతికొచ్చేసరికే పగిలి ఉంటుంది. తీసుకునేటప్పుడే కౌంటరు మీద పరిచి ఫోన్లో నాలుగు ఫొటోలు తియ్యండి. ఉతక్కండి, మడిచి కవర్లో పెట్టి మర్నాడు పన్నెండులోపు ఇచ్చెయ్యండి. పన్నెండు దాటితే రెండో రోజు అద్దె కడతారు.