క్రాస్బీ బీచ్ ఇనప మనుషులు: టైడ్ టైమ్ చూస్కోకుండా వెళ్ళకండి

లివర్‌పూల్ చుట్టుపక్కల ఉన్నోళ్ళు క్రాస్బీ బీచ్‌లో ఉన్న "అనదర్ ప్లేస్" అనే శిల్పాల్ని ఇంకా చూడకపోతే ఓసారి వెళ్ళండి, టికెట్ లేదు గేటు లేదు, ఫ్రీనే. ఆంటోనీ గార్మ్లీ అనే శిల్పి తన ఒంటి మీదే అచ్చులు తీయించుకుని, ఆ 17 అచ్చులతో 100 మంది ఇనప మనుషుల్ని పోత పోయించి దాదాపు 3 కిలోమీటర్ల బీచ్ పొడుగునా నిలబెట్టాడు, ఒక్కోటీ 650 కిలోలు! అంతకుముందు జర్మనీ, నార్వే, బెల్జియం తీరాలు తిరిగి 2005లో ఇక్కడికొచ్చాయి, కొన్నాళ్ళే ఉంచుదాం అనుకున్నారు గానీ 2007లో ఇక ఇక్కడే ఉండనిద్దాం అని డిసైడ్ అయ్యారు.

పీఠాలు గట్రా ఏం లేవు, ఇసకలో నిలబడి అందరూ సముద్రం వైపే చూస్తుంటారు. ఒంటి మీద బట్టలుండవు, పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా :) మొదటి రెండు మూడు చూడగానే ఇంతేనా, అన్నీ ఒకేలా ఉన్నాయి కదా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ కాస్త గమనిస్తే తేడా తెలుస్తుంది, గట్టు వైపు ఉన్నవాటికి తుప్పు తప్ప ఏం లేదు, రోజూ మునిగి తేలేవాటికి మాత్రం రాళ్ళకి పట్టే గుల్లలు, నాచు పట్టేసి చర్మమే మారిపోయింది, కొన్నైతే కాళ్ళు ఇసకలో కూరుకుపోయి పొట్టివాళ్ళలా కనిపిస్తున్నాయి. అసలు శిల్పి పని ఆ సముద్రమే చేస్తోంది, అది ఇంకా అవ్వలేదు కూడా.

చాలామంది నీళ్ళు వెనక్కెళ్ళినప్పుడు వచ్చి బొమ్మ భుజం మీద చెయ్యేసి ఫోటో దిగి వెళ్ళిపోతారు. అలా చెయ్యకండి, పోటు వచ్చేదాకా ఉండండి. గట్టు మీద నిలబడి చూస్తే నీళ్ళు మోకాళ్ళు, నడుం, ఛాతీ దాకా వచ్చి చివరికి తలే మిగుల్తుంది, వెనకాల కంటైనర్ షిప్పులు వాటి మానాన అవి పోతుంటాయి, ఇనుమని తెల్సినా ఒడ్డుకి రా నాయనా అని కేకేయాలనిపిస్తుంది.

ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా, దూరంగా ఉన్న బొమ్మల దాకా నడిచెళ్ళొద్దు. మెత్తటి బురద, కాలు దిగబడుద్ది, పైగా నీళ్ళు చాలా స్పీడ్‌గా వచ్చేస్తాయి. గట్టుకి 50 మీటర్ల లోపే ఉండమని కౌన్సిల్ వాళ్ళే చెప్తున్నారు.

లివర్‌పూల్ సెంట్రల్‌లో సౌత్‌పోర్ట్ ట్రైన్ ఎక్కి బ్లండెల్‌శాండ్స్ అండ్ క్రాస్బీలో దిగితే నడిచెళ్ళిపోవచ్చు. గాలికి గొడుగు నిలబడదు, మంచి జాకెట్ వేస్కోండి. నా రేటింగ్ 4.5/5, ఆ అర మార్కు కట్ చేసింది బొమ్మలకి టోపీలు టీషర్టులు తొడిగే జనాల వల్ల.