చెక్క బిరడాలతో ఎనిమిది చలికాలాలు: నా పాత మార్టిన్ ఉకులేలే

ఉకులేలే అంటే గిటారులాంటి నాలుగు తీగల చిన్న వాద్యం. దాని సౌండ్ గురించి చాలామంది రాశారు. నేను రాయాల్సింది దాని తీగలు బిగించే బిరడాల గురించి.

నాది అమెరికా గిటారు కంపెనీ మార్టిన్ చేసిన స్టైల్ 0 మోడల్, సొప్రానో అనే చిన్న సైజు. పెన్సిల్వేనియాలో ఒక పాత సామాన్ల షాపులో దొరికింది. సీరియల్ నంబరు లేదు. ఈ మోడల్ 1922లో మొదలైంది. చెక్క బిరడాలు, పట్టీల్లాంటి పాతకాలపు మెట్లు చూసి 1920ల తొలి సగంలో చేసిందని రిపేరు చేసే ఆయన తేల్చాడు. బరువు నాలుగు వందల గ్రాములు కూడా ఉండదు.

బిరడా అంటే మన వీణకు ఉన్నట్టే, కొస సన్నగా చెక్కిన పుల్ల. రంధ్రంలో బిగుసుకుని రాపిడితోనే నిలబడుతుంది. గిటారుకు పళ్ళచక్రాలుంటాయి, కీ పది పన్నెండు సార్లు తిప్పితే గానీ ఇరుసు ఒక్క చుట్టు తిరగదు. ఇక్కడ మనం ఎంత తిప్పితే అంతే. గోరంత తేడా వస్తే శ్రుతి తప్పుతుంది. మొదటి కొన్ని నెలలు నాకు ఏ ఇబ్బందీ రాలేదు. వందేళ్ల బిరడాలు రాయిలా నిలబడ్డాయని అందరికీ చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు నేను చూసింది వేసవి, ఆకులు రాలే కాలం, అంతే.

ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి మేముండే న్యూజెర్సీలోనే ఒక స్నేహితుడి ఇంట్లో కలిశాం. వాళ్లబ్బాయి పాడుతుంటే నేను వాయించాలి. బయట గడ్డకట్టే చలి, లోపల హీటర్. రెండో పాట మధ్యలో కిర్రుమని చివరి తీగ వదులైంది. సర్దేలోపు పక్కది జారింది. పిల్లాడు పాట ఆపి నా వైపే చూస్తున్నాడు. టెన్షన్‌లో బిరడాను గట్టిగా లోపలికి నొక్కి తిప్పాను. టిక్‌మని చిన్న చప్పుడు. పొద్దున వెలుతురులో చూస్తే బిరడా రంధ్రం నుంచి పైకి, వెంట్రుకంత సన్నని చీలిక. నూరేళ్లు ఎవరి చేతుల్లోనూ చీలని చెక్క నా చేతిలో చీలింది. ఆ బాధ చాలా రోజులు పోలేదు.

కారణం తర్వాత తెలిసింది. చెక్క ఆరినప్పుడు నిలువునా పెద్దగా తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందుకని గుండ్రటి రంధ్రం కోలగా మారి, బిరడాకు పట్టు రెండు చోట్లే దొరుకుతుంది. ఆ వారం మా ఇంట్లో గాలిలో తేమ 24 శాతం. కనీసం 45 ఉండాలి. ఇప్పుడు కేసులో తేమ సంచి, చిన్న మీటరు పెట్టాను.

మొదట చూపించిన షాపులో రంధ్రాలు పెద్దవి చేసి, లోపల గేర్లున్న బిరడాలు పెట్టించుకోమన్నారు. నాకు మనసొప్పలేదు. దానికి ఈ వాద్యం చరిత్రే కారణం. 1879 ఆగస్టులో రావెన్‌స్క్రాగ్ అనే ఓడ మదీరా దీవి నుంచి పోర్చుగీసు వాళ్లను చెరుకు తోటల పనికి హవాయిలోని హొనొలులు చేర్చింది. అందులో మాన్యుయెల్ నునెస్, అగస్టో డియాస్, జోసె దొ ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు వడ్రంగులున్నారు. వాళ్ల ఊరి చిన్న వాద్యమే అక్కడి కోవా చెక్కతో ఉకులేలే అయింది. హవాయి రాజు కలాకౌవా దాన్ని కొలువులోకి తెచ్చాడు. మార్టిన్ వాళ్లు 1907లో చేసి చూసినప్పుడు గిటారు పద్ధతిలో పైన స్ప్రూస్ చెక్క పలక వేసి, లోపల ఆనింపు బద్దలు ఎక్కువ పెట్టారు. మొద్దుగా మోగింది, ఎవరూ కొనలేదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రపంచ ప్రదర్శనతో అమెరికాకు హవాయి సంగీతం పిచ్చి పట్టాక, పల్చటి మహాగనితో తేలిగ్గా చేశారు. అప్పుడు గానీ పలకలేదు. అంత తేలిక వాద్యానికి తలమీద లోహం బరువు పెడితే ముందుకు వాలిపోతుంది. దీనికి మెడలో వేసుకునే పట్టీ ఉండదు, గుండెకు అదుముకునే వాయిస్తాం కదా.

దారి చూపింది విజయవాడలో ఉన్న మా పిన్ని. ఆవిడ దగ్గర బొబ్బిలి వీణ ఉంది. వీడియో కాల్‌లో చీలిక చూసి, "బిరడా మీద బలం చూపిస్తావేంట్రా? తీసి తుడిచి, ఎండు సబ్బు కాస్త రుద్ది, పైన సుద్ద పూసేయ్. తిప్పేటప్పుడు లోపలికి మెల్లగా ఒత్తుతూ తిప్పు, అంతే" అంది. సబ్బు తిరగడానికి, సుద్ద ఆగడానికి. రిపేరాయన చీలికకు జిగురు పట్టించాక అలాగే చేశాను. ఆ తర్వాత పండగ రాత్రిలా ఎప్పుడూ జారలేదు. జనవరిలో మాత్రం వాయించే ముందు రోజూ ఐదు నిమిషాలు శ్రుతికే పోతాయి.

పిన్నే ఇంకో సంగతి పట్టుకుంది. నాలుగు తీగలూ వరసగా మీటితే, "ఇది ప, స, గ, ద రా! మోహనంలో రి ఒక్కటే తక్కువ" అంది. నిజమే. స తీగ మీద రెండో మెట్టు నొక్కితే ఆ రి కూడా వచ్చేస్తుంది. ఆ సాయంత్రం ఎంత సంబరపడ్డానో! దీని మీద కర్ణాటక సంగీతం హాయిగా వాయించవచ్చని అందరికీ చెప్పేశాను. అది కొంచెం ఎక్కువే. స్వరం రెండు సెకన్లలో చచ్చిపోతుంది, గమకం నిలవదు. ఏడో మెట్టు దాటితే శ్రుతి కాస్త పైకి పోతుంది. పిల్లల పాటలకు, చిన్న గీతాలకు మాత్రం ప్రాణం పోస్తుంది.

కొనమంటానా? నేను ఇంట్లో, రాత్రి ఇరవై నిమిషాలు, ఒక్కడినే వాయిస్తాను. మార్టిన్ కంపెనీ ఉన్న ఊరు, పెన్సిల్వేనియాలోని నాజరెత్, మా ఇంటికి గంట పై చిలుకు దారి, పాతవి బాగుచేసేవాళ్లు ఇటువైపు దొరుకుతారు. స్టేజి మీద వాయించేవాళ్లకు, హీటర్ ఆరు నెలలు ఆగని ఇళ్లలో ఉండేవాళ్లకు గేర్లున్న కొత్తదే మేలేమో. మన ఊళ్లో వానాకాలం తేమకు ఇవే బిరడాలు ఉబ్బి బిగుసుకుపోతాయి, అదీ చూసుకోవాలి. నేనైతే దీన్ని అమ్మను. పిన్ని పోయినసారి పంపిన సుద్దముక్క ఇంకా సగం ఉంది, కేసులోనే పెట్టుకున్నాను.