మేడ మీది కండెన్సింగ్ యూనిట్: విశాఖలో మా ఫ్రీజర్ గదికి చేయించిన పని మీద నా రివ్యూ

విశాఖ ఎంవీపీ కాలనీ వైపు మాకు చేపలు, రొయ్యల దుకాణం ఉంది. వెనక వైపు చిన్న వాక్-ఇన్ ఫ్రీజర్ గది, మైనస్ 18 డిగ్రీల దగ్గర నడుస్తుంది. దాని కండెన్సింగ్ యూనిట్, అంటే కంప్రెసర్, కండెన్సర్ కాయిల్, ఫ్యాన్లు అన్నీ ఒకే ఫ్రేములో ఉండే పెద్ద ఔట్‌డోర్, మేడ మీద ఉంటుంది. పాతది పోయాక కొత్తది బిగించినదీ, ఇప్పుడు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కింద చూస్తున్నదీ ఒకే కాంట్రాక్టరు. ఈ రివ్యూ ఆ పని గురించి. ఇద్దరు మెకానిక్‌లు, ఒక హెల్పర్‌తో నడిపే చిన్న వ్యవహారం ఆయనది, ఉన్న పనే తెమలడం లేదు, పేరు బయట పెట్టొద్దన్నాడు కాబట్టి పెట్టడం లేదు. ఏం చేశాడో వివరంగా రాస్తాను, మీరు ఎవరిని పిలిచినా ఇవే అడగండి. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో చివర్లో చెప్తా.

ముందు పాత యూనిట్ సంగతి చెప్పాలి, లేకపోతే ఈయన పని విలువ అర్థం కాదు. దాన్ని వేసినవాళ్లు పిట్టగోడ మూలకి తోసి, కాయిల్ గోడ వైపు తిప్పి పెట్టి వెళ్లిపోయారు. ఎయిర్ కూల్డ్ యూనిట్‌కి గాలే ప్రాణం, అది వదిలిన వేడి గాలి గోడకి తగిలి మళ్లీ అదే కాయిల్‌లోకి వెళ్తుంటే ఇంక చల్లబడేది ఏముంది? దానికి తోడు సముద్రపు గాలి. ఉప్పు తేమ కాయిల్ మీద పేరుకుంటే, రాగి గొట్టం, అల్యూమినియం ఫిన్ (దాని చుట్టూ ఉండే పల్చటి రేకు) కలిసే చోట తుప్పు మొదలవుతుంది, ఫిన్స్ చేత్తో ముడితే పొడి పొడిగా రాలిపోయేవి. వేసవి వస్తే హై ప్రెషర్ మీద ట్రిప్, అంటే లోపల ఒత్తిడి పెరిగి దానంతటదే ఆగిపోయేది. పిలిస్తే ఒకడు వచ్చి "గ్యాస్ అయిపోయింది సార్" అని పట్టి, డబ్బులు తీసుకుని వెళ్లేవాడు. గ్యాస్ పెట్రోలు కాదండీ, నడిచేకొద్దీ ఖర్చైపోవడానికి. మూసి ఉన్న సిస్టమ్‌లో గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ వెతక్కుండా గ్యాస్ మాత్రమే పట్టేవాడు మీ కంప్రెసర్ ఆయుష్షు తగ్గిస్తున్నాడని గట్టిగా చెప్తున్నాను, మాది అలాగే కాలిపోయింది.

కొత్త కాంట్రాక్టరు కొటేషన్ ఇచ్చే ముందు మేడెక్కి టేపు పట్టుకుని చాలాసేపు తిరిగాడు. మిగతావాళ్లు ఫోన్‌లోనే రేటు చెప్పారు. ఈయన యూనిట్ మాన్యువల్ తెరిచి కాయిల్ వెనక ఎంత ఖాళీ ఉండాలి, ఫ్యాన్ ముందు ఎంత ఉండాలి, ప్యానెల్ తెరిచి మనిషి కూర్చుని పని చేసుకోవడానికి ఎంత కావాలి అని సుద్దతో నేల మీద గీతలు గీశాడు. పిట్టగోడకి దూరంగా జరిపించాడు, అది గాలి కోసం మాత్రమే కాదు, "రేపు మా కుర్రాడు వెనక ప్యానెల్ విప్పేటప్పుడు వీపు ఖాళీ వైపు ఉండకూడదు సార్" అన్నాడు. ఈ మాటతోనే పని ఆయనకి ఇవ్వాలనుకున్నాను. మేడల మీద ఔట్‌డోర్ పని చేసేవాళ్లు పడిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉంటాం, అయినా అంచు మీద స్టాండ్ కొట్టించుకునేవాళ్లు తగ్గడం లేదు.

కాయిల్‌కి కోటింగ్ ఉన్న మోడలే తీసుకోమన్నాడు, ఖరీదు కొంచెం ఎక్కువే. సముద్రం దగ్గర ఉన్నవాళ్లు దీని మీద బేరం ఆడొద్దు. స్టాండ్ హాట్ డిప్ గాల్వనైజ్ చేసినది (తుప్పు పట్టకుండా కరిగిన జింకులో ముంచినది), కింద బరువు స్లాబ్ మీద ఒకేచోట పడకుండా బీమ్ మీదుగా వేశారు, రబ్బరు ప్యాడ్లు పెట్టి యాంకర్ బోల్టులతో బిగించారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద నుంచే పోయింది, మేడ మీద వదులుగా ఉన్నదేదీ ఆ రోజు ఉన్నచోట లేదు. బోల్టులు నాలుగే కదా అని తేలిగ్గా తీసుకోకండి. యూనిట్ పైకి చేర్చడానికి మెట్ల మీద నలుగురు మోస్తారేమో అనుకున్నా, క్రేన్ పిలిచాడు, ఎత్తుతున్నంతసేపూ కింద సందులోకి ఎవరినీ రానివ్వలేదు.

ఇక పైపింగ్. మన కంటికి కనపడని పని అంతా ఇక్కడే ఉంది, మోసం జరిగేదీ ఇక్కడే. బ్రేజింగ్, అంటే రాగి పైపుల్ని మంటతో అతికించడం, చేస్తున్నంతసేపూ పైపు లోపల సన్నగా నైట్రోజన్ వదులుతూనే ఉన్నారు. అది లేకపోతే రాగి లోపల నల్లటి పెచ్చు కట్టి, తర్వాత ఊడి వెళ్లి డ్రయర్‌లోనూ (తేమ, మురికి పట్టే ఫిల్టరు) ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనూ (గదిలోని కాయిల్‌కి గ్యాస్ కొలిచి వదిలేది) ఇరుక్కుంటుంది. చూపించమని అడిగితే ఒక వేస్ట్ ముక్క నైట్రోజన్ లేకుండా అతికించి, కోసి చూపించాడు, లోపల బొగ్గు పూసినట్టే ఉంది. ఫ్రీజర్ కింద, కంప్రెసర్ పైన కాబట్టి సక్షన్ పైపు (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగి వెళ్లేది) పైకి వెళ్లే చోట ట్రాప్, అంటే యూ ఆకారపు వంపు, పెట్టారు, గ్యాస్‌తో పాటు వెళ్లిన నూనె కంప్రెసర్‌కి తిరిగి చేరాలి కదా.

తర్వాత ప్రెషర్ టెస్ట్. దీని గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడ. బూడిద రంగు ఒళ్లు, నల్ల మెడ ఉన్న సిలిండర్ నైట్రోజన్‌ది. ఒళ్లు నల్లగా ఉంటే అది ఆక్సిజన్. వెల్డింగ్ కోసం ఎలాగూ ఆక్సిజన్ తెచ్చాం కదా అని దాన్నే పైపుల్లోకి ఎక్కించే మహానుభావులు ఉన్నారు. కంప్రెసర్ నూనెకి ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే పేలుతుంది, ఇందులో "అయితే కావచ్చు" అనేది లేదు. నైట్రోజన్ అయినా రెగ్యులేటర్ లేకుండా పెట్టకూడదు, నిండు సిలిండర్‌లో ఒత్తిడి 2,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పైనే ఉంటుంది, మన పైపింగ్ తట్టుకునేది అందులో చిన్న వంతు. ఈయన రెగ్యులేటర్ బిగించి, నేమ్ ప్లేట్ మీద ఉన్న ప్రెషర్ చూసి, మెల్లగా మెట్లు మెట్లుగా ఎక్కించి 300 పీఎస్‌ఐ దగ్గర ఆపాడు. ప్రతి జాయింటుకీ సబ్బు నురుగు పూశారు. గేజు మీద టేపు అంటించి టైము, ప్రెషర్, ఆ పూట ఎండ ఎంతుందో కూడా రాసి రాత్రంతా వదిలేశారు.

మర్నాడు పొద్దున చూస్తే ముల్లు 290 దగ్గర ఉంది. నాకు టెన్షన్ మొదలైంది, ఎక్కడో లీకే అని. మెకానిక్ మాత్రం "ఫిబ్రవరి చలి సార్, ఎండ ఎక్కనివ్వండి" అన్నాడు. చల్లబడితే నైట్రోజన్ ఒత్తిడి తగ్గుతుంది, పది డిగ్రీల తేడాకి అంత దిగడం మామూలే. మధ్యాహ్నానికి ముల్లు మళ్లీ 300 మీదకి వచ్చి కూర్చుంది. ఎండ ఎంతుందో రాసుకున్నది ఇందుకన్నమాట. ఆ టేపు ఫోటో తీసి పెట్టుకున్నాను.

వ్యాక్యూమ్, అంటే పైపుల్లోని గాలి, తేమ పంపుతో లాగేసే పని, దాని విషయంలోనూ అంతే. చాలామంది పంపు పెట్టి, గేజు ముల్లు కింద ఆగగానే, టీ తాగొచ్చేలోపు అయిపోయిందంటారు. ఆ మామూలు గేజుకి చివరి తేడా కనపడదు. వీళ్లు డిజిటల్ మైక్రాన్ గేజు పెట్టి 500 మైక్రాన్ల లోపుకి దించి, పంపు ఆపి, అంకె పైకి ఎగబాకుతుందా లేదా అని చూశారు. మా యూనిట్‌లో గ్యాస్ ఆర్404ఏ, దానితో వాడే పీవోఈ నూనె గాలిలో తేమని ఇట్టే పీల్చుకుంటుంది, లోపల తేమ మిగిలితే యాసిడ్ తయారై కంప్రెసర్ వైండింగ్ తినేస్తుంది. గ్యాస్ కూడా తూకం వేసి లిక్విడ్‌గానే ఎక్కించారు, మూడు గ్యాసుల మిశ్రమం కాబట్టి ఆవిరిగా ఎక్కిస్తే పాళ్లు మారతాయి. లిక్విడ్ చేతి మీద పడితే చర్మం గడ్డకట్టి కాలినట్టవుతుంది కాబట్టి గ్లవ్స్, కళ్లజోడు లేకుండా హోస్ ముట్టుకోలేదు. మొదటి స్టార్ట్‌కి ముందు రాత్రంతా క్రాంక్‌కేస్ హీటర్‌కి (కంప్రెసర్ అడుగున నూనెని వెచ్చగా ఉంచేది) కరెంటు ఇచ్చి ఉంచారు.

కరెంటు పని గురించి రెండు ముక్కలు. మూడు ఫేజుల యూనిట్‌కి రెండు వేర్వేరు ఎర్తులు ఇచ్చారు, మన దగ్గర రూల్ కూడా అదే. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టారు, ఫేజు పోయినా, వరస మారినా యూనిట్‌ని ఆపేది, ఎందుకంటే వీధిలో లైన్ పని జరిగి ఫేజులు తారుమారైతే స్క్రోల్ కంప్రెసర్ వెనక్కి తిరుగుతుంది, గోల తప్ప కూలింగ్ ఉండదు. అన్నిటికన్నా నాకు నచ్చింది యూనిట్ పక్కనే, చేయి చాపితే అందేలా పెట్టిన ఐసోలేటర్ (యూనిట్‌కి కరెంటు పూర్తిగా తీసేసే స్విచ్), వాన తగలని డబ్బాలో, తాళం వేసుకునే వీలుతో.

ఆ తాళం ఎందుకో మొదటి సర్వీసులో చూశాను. ఫ్యాన్ ఆగి ఉంది, హెల్పర్ కుర్రాడు గ్రిల్ విప్పి చేయి పెట్టబోయాడు. పెద్ద మెకానిక్ ఒక్క అరుపు అరిచాడు, "చెయ్యి తియ్‌రా! ముందు మెయిన్ తియ్!" ప్రెషర్ తగ్గినప్పుడు ఫ్యాన్ దానంతటదే ఆగుతుంది, పెరగ్గానే ఎవరికీ చెప్పకుండా తిరుగుతుంది, ఆగిన ఫ్యాన్ అంటే కరెంటు లేని ఫ్యాన్ అని కాదు. ఐసోలేటర్ తీసి, తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుని, "పని జరుగుతోంది, ఆన్ చేయొద్దు" అని అట్ట ముక్క తగిలించాడు. కింద దుకాణంలో మా వాడెవడైనా కూలింగ్ రావట్లేదని స్విచ్ వేసినా ప్రమాదం లేదు. అప్పుడు కూడా మీటరుతో మూడు ఫేజులూ చూసి, ఫ్యాన్ కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, ఆ తర్వాతే చేయి పెట్టనిచ్చాడు.

సర్వీసు టైము కూడా ఆయనే కుదిర్చాడు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, సముద్రపు చేప రాదు, చెరువు చేప, రొయ్యతోనే నడుపుతాం, గదిలో సరుకు తక్కువ. ఎండలు ముదరకముందే పెద్ద సర్వీసు చేసేయడానికి ఆ మొదటి వారాన్ని మించింది లేదు. కాయిల్ కడగడంలో కూడా పద్ధతి ఉంది. గాలి వెళ్లే దిక్కుకి ఎదురుగా, లోపలి నుంచి బయటికి, మామూలు పంపు నీళ్లతో. బైకు కడిగే ప్రెషర్ గన్ పెడితే ఫిన్స్ వంగిపోతాయి, మురికి ఇంకా లోపలికి పోతుంది. బాత్రూమ్ యాసిడ్ అసలు పనికిరాదు, అల్యూమినియాన్ని తినేస్తుంది. మొన్నటి సర్వీసులో కడగకముందు హై సైడ్ (కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి పంపే వైపు) ప్రెషర్ 350 పీఎస్‌ఐ దాటి ఉంది, కడిగాక అదే ఎండలో 300 లోపుకి వచ్చింది. కంప్రెసర్ లాగే ఆంపియర్లు కూడా తగ్గాయి, క్లాంప్ మీటర్ పెట్టి చూపించాడు. మధ్యలో నెలకోసారి కరెంటు తీసి మంచినీళ్లతో ఉప్పు కడిగే పని మా కుర్రాళ్లకే నేర్పించాడు, ప్యానెల్ మాత్రం విప్పొద్దన్నాడు.

ఇంకొక సంగతి. డ్రయర్ మార్చేటప్పుడు గ్యాస్ గాలిలోకి వదల్లేదు, పంప్ డౌన్ చేసి, అంటే కంప్రెసర్‌తోనే గ్యాస్‌ని రిసీవర్ అనే యూనిట్ ట్యాంకులోకి లాగి పెట్టారు. పాత యూనిట్ విప్పినప్పుడు కూడా రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి తీశారు. ఈ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 3,900 రెట్లు పైనే. మన ఊళ్లో ఎంతమంది మేడ మీద వాల్వ్ తెరిచి బుస్సుమనిపించి వెళ్లిపోతారో చూస్తూనే ఉన్నాం. పైగా గ్యాస్ మిగిలి ఉన్న పైపు మీద టార్చ్ పెడితే వచ్చే పొగ విషం.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు. రేటు మిగతావాళ్ల కన్నా బాగానే ఎక్కువ, దానికి నాకు అభ్యంతరం లేదు, పని కనపడింది. కానీ ఫోన్ ఎత్తడు. ఒక శనివారం రాత్రి హై ప్రెషర్ ట్రిప్ అయితే మర్నాడు మధ్యాహ్నానికి గానీ మనిషి రాలేదు, లోపల సరుకంతా ఐసు డబ్బాల్లోకి మార్చుకోవాల్సి వచ్చింది. చివరికి చూస్తే ఒక ఫ్యాన్ మోటార్ పోయింది, అది ఆయన దగ్గర స్టాకు లేదు. సముద్రపు గాలిలో ముందు పోయేదే ఫ్యాన్ మోటార్ అయినప్పుడు ఒకటి దగ్గర ఉంచుకోవాలి కదా! ఇంకొకటి, ఇన్సులేషన్ మీద ఎండకి కవరింగ్ మొదట్లో వేయలేదు, నల్ల రబ్బరు పగుళ్లు ఇచ్చాక నేను అడిగితే అల్యూమినియం రేకు చుట్టాడు, అది కూడా విడిగా బిల్లు వేసి.

ఏఎంసీ మళ్లీ రాసుకునే పనిలో ఉన్నాం. ఈసారి మూడు అడిగాను: స్పేర్ ఫ్యాన్ మోటార్ ఒకటి నా డబ్బుతోనే కొని దుకాణంలో పెట్టాలి, వచ్చిన ప్రతిసారీ ప్రెషర్లు, ఆంపియర్లు రాసి కాపీ ఇవ్వాలి, బ్రేక్‌డౌన్ అంటే అదే రోజు మనిషి రావాలి. మొదటి రెండిటికీ వెంటనే సరేనన్నాడు. మూడోదానికి ఆదివారం మినహాయించమంటున్నాడు. చేపల దుకాణానికి ఆదివారమే అసలు బేరం కాబట్టి దాని మీద ఇంకా బేరసారాలు నడుస్తున్నాయి.