పైపు గ్యాస్ గ్రిల్లును సిలిండర్‌కు మార్చిన షాపు: విజయనగరంలో మా అనుభవం

గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్లే బజారులో గ్యాస్ స్టవ్‌లు, కుక్కర్లు, మిక్సీలు బాగుచేసే చిన్న షాపు ఒకటి ఉంది. హైదరాబాదులో పైపు గ్యాస్ మీద వాడుకున్న మా మూడు బర్నర్ల గ్రిల్లును, దానితోపాటు వంటింటి స్టవ్‌ను సిలిండర్ గ్యాస్‌కు మార్పించవలసి వచ్చినప్పుడు ఆ పని అక్కడే చేయించాం. బదిలీ మీదనో, పదవీ విరమణ తరువాతనో పెద్ద నగరాల నుంచి ఈ జిల్లాకు తిరిగివచ్చే కుటుంబాలకు ఆ షాపు పనితీరు గురించి వివరంగా చెప్పాలనిపించింది. పాత ట్యూబు తీసి కొత్త ట్యూబు తగిలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. అలా అనుకోవడంలోని ప్రమాదం మంట వెలిగించేదాకా కంటికి కనిపించదు.

పైపులో వచ్చేది సహజవాయువు, అందులో అధికభాగం మీథేన్. సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒకే పరిమాణంలో తీసుకుంటే సిలిండర్ గ్యాస్ ఇచ్చే వేడి సహజవాయువు ఇచ్చే వేడికి రెండున్నర రెట్లు, అంతకు కొంచెం పైగా కూడా ఉంటుంది. ఇళ్లకు పైపు గ్యాస్ దాదాపు 21 మిల్లీబార్ల ఒత్తిడితో అందుతుంది, సిలిండర్ మీది రెగ్యులేటర్ దాదాపు 30 మిల్లీబార్ల ఒత్తిడితో వదులుతుంది. బరువైన వాయువు కనుక సిలిండర్ గ్యాస్ అదే రంధ్రం గుండా కాస్త నెమ్మదిగా వస్తుంది. అయినప్పటికీ, పైపు గ్యాస్ కోసం పెద్దది చేసిన జెట్టులోకి, అంటే బర్నర్‌కు గ్యాస్ వదిలే సన్నని రంధ్రమున్న ముక్కలోకి, దానిని వదిలితే బర్నర్‌కు చేరే వేడి మొత్తం మీద రెట్టింపు వరకూ పెరుగుతుంది. గాలి అవసరంలోనూ తేడా ఉంది. ఒక వంతు మీథేన్ పూర్తిగా మండడానికి పది వంతుల లోపు గాలి చాలు, ప్రొపేన్‌కు సుమారు 24 వంతులు, బ్యూటేన్‌కు సుమారు 31 వంతులు కావాలి. ఆ గాలి అందనప్పుడు మంట పసుపురంగుకు తిరిగి నాలుకలు చాస్తుంది, గిన్నెల అడుగున మసి పడుతుంది, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. సిలిండర్ స్టవ్‌కు మార్పు లేకుండా పైపు గ్యాస్ ఇస్తే మంట బలహీనంగా వస్తుంది, అన్నం ఉడకడం ఆలస్యమవుతుంది, అంతే. తిరుగు దారిలో, అంటే పైపు గ్యాస్ నుంచి సిలిండర్‌కు, చేసే మార్పు అలాంటిది కాదు. మనలాంటి ఊళ్లలో చేయించుకోవలసింది ఎక్కువగా ఈ తిరుగు మార్పే కనుక, షాపును ఎంచుకునేటప్పుడు జాగ్రత్త పడాలి.

ఈ షాపు యజమాని మీద నమ్మకం కుదరడానికి మొదటి కారణం ఆయన అడిగిన ప్రశ్నలు. పాన చేతిలోకి తీసుకోకముందే, ఇది మొదట ఏ గ్యాస్ కోసం తయారైంది, హైదరాబాదులో జెట్లు మార్చారా లేక ఉన్నవాటినే డ్రిల్లుతో పెద్దవి చేశారా, పాత జెట్లు దాచి ఉంచారా అని అడిగారు. గ్రిల్లును పక్కకు తిప్పి, తయారీదారు అంటించిన రేకు మీద గ్యాస్ రకం, ఒత్తిడి వివరాలు ఏమున్నాయో చదివారు. గ్యాస్ రకం మార్చకూడదని తయారీదారు స్పష్టంగా రాసిన గ్రిల్లులు కొన్ని ఉంటాయనీ, అలాంటివి వస్తే తాను ముట్టుకోకుండా వెనక్కి పంపుతాననీ చెప్పారు. వచ్చిన పనిని వదులుకోగలిగిన మెకానిక్ మాట మీద నాకు గౌరవం కలుగుతుంది.

మా స్టవ్ జెట్లు డ్రిల్లుతో పెద్దవి చేసినవే. ఒకసారి పెద్దదైన రంధ్రాన్ని తిరిగి చిన్నది చేయడానికి సరైన పద్ధతి లేదు. లోపల ఏదో పూడ్చి మళ్లీ తొలిస్తే రంధ్రం గుండ్రంగా ఉండదు, నడిమధ్యన పడదు, గ్యాస్ ధార పక్కకు వంగి, గ్యాస్, గాలి కలిసే మిక్సింగ్ ట్యూబులోకి తిన్నగా వెళ్లదు. అందువల్ల ఆయన అన్ని బర్నర్లకూ కొత్త ఇత్తడి జెట్లే వేశారు. స్టవ్‌లో పెద్ద బర్నర్‌కు ఒక కొలత, చిన్న బర్నర్‌కు మరొక కొలత ఉంటాయి. గ్రిల్లులో మూడింటికీ ఒకే కొలత కావాలి. సన్నని కొలత కడ్డీలతో ఒక్కొక్క జెట్టునూ పరీక్షించిన తరువాతే బిగించారు. పైపు గ్యాస్ జెట్టు వ్యాసంలో సిలిండర్ గ్యాస్ జెట్టు సుమారు డెబ్బై శాతం ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూపితే తప్ప ఆ తేడా మామూలు కంటికి అందదు, కానీ మంట స్వభావమంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

జెట్లు మార్చడంతో పని ముగిసిందని ఇక్కడ అనుకోలేదు. గ్రిల్లు బర్నర్ల మొదట్లో గాలి లోపలికి పోయే కిటికీ మీద జరిపే రేకు ఉంటుంది. దానిని కొద్దికొద్దిగా తెరుస్తూ, మంట లోపలి శంకువు ఆకారం నీలంగా, స్పష్టంగా నిలిచేదాకా సరిచేశారు. గాలి మరీ ఎక్కువైతే మంట బర్నర్‌ను విడిచి పైకి లేస్తుంది, తక్కువైతే కొనలు పసుపురంగుకు వస్తాయి. నాబ్ వెనుక ఉండే సిమ్ స్క్రూను కూడా సవరించారు. మామూలుగా అందరూ మరిచిపోయేది ఇదే. దానిని వదిలేస్తే సిమ్‌లో కూడా మంట పెద్దదిగా ఉండి పాలు పొంగిపోతాయి. చివర వాల్వులు, జాయింట్లు అన్నింటి మీదా సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూశారు. ఒక జాయింటు దగ్గర చిన్న బుడగ కనిపిస్తే విప్పి, మళ్లీ బిగించి, తిరిగి పరీక్షించారు. అగ్గిపుల్లతో లీకేజి వెతికే అలవాటు ఈ షాపులో లేకపోవడం నాకు ఎంతో ఊరటనిచ్చింది.

లోపాలు కూడా చెప్పాలి. షాపు మరీ ఇరుకు కావడంతో మంట పరీక్ష వీధి అంచున చేశారు. అక్కడ గాలి తగులుతూ ఉండటంతో గ్రిల్లు మంటను నికరంగా అంచనా వేయడం కుదరలేదు, అదే పరీక్ష మా ఇంట్లో మళ్లీ చేయవలసి వచ్చింది. దానికి ఆయన అభ్యంతరం చెప్పకుండా వచ్చారు. కానీ ఇంటికి వచ్చే సదుపాయం పట్టణం లోపలి వారికే ఉంది. బొబ్బిలి, చీపురుపల్లి వంటి చోట్ల నుంచి వచ్చేవారికి లేదు. రెండవది ఇంతకంటే పెద్ద లోపం. ఏ గ్యాస్‌కు మార్చారో, ఏ కొలత జెట్లు వేశారో తెలిపే గుర్తు ఏదీ తమంతట తాము పెట్టరు. తయారీదారు రేకు మీద పాత వివరమే మిగిలిపోతే, రేపు ఆ గ్రిల్లు మరొకరి చేతికి వెళ్లినప్పుడు వారు దానినే నమ్ముతారు. మేము అడిగిన తరువాత బిల్లు మీద కొలతలు రాసి, గ్రిల్లు మీద వేడికి చెడని చీటీ అంటించారు. అడిగినా అడగకపోయినా ప్రతి ఒక్కరికీ ఇలా చేయాలి. ఈ మాట ఆయనతోనూ చెప్పాను, ఒప్పుకున్నారు.

ఇంటికి వచ్చినప్పుడు ఆయన చూసిన విషయం మరొకటి ఉంది, అది నేను ఊహించనిది. సహజవాయువు గాలి కంటే తేలిక, లీకైతే పైకి పోతుంది. పై వెంటిలేటర్ దానికి సరిపోతుంది. సిలిండర్ గ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్ల బరువు, నేల మీద పరుచుకుని పల్లంలో నిలుస్తుంది. అందువల్ల గ్రిల్లు పెట్టిన వెనుక వరండాలో నేల మట్టానికి దగ్గరగా గాలి బయటికి పోయే దారి ఉందా అని చూసి, సిలిండర్‌ను కాలువ గుంట పక్క నుంచి జరిపించారు. గ్యాస్ లీకు హెచ్చరిక యంత్రం ఉన్నవారు దానిని కూడా పై నుంచి కిందికి మార్చుకోవాలని చెప్పారు. లీకేజి అత్యవసరానికి 1906 నంబరు పనిచేస్తుందని వంటింటి గోడ మీద రాసుకోమన్నారు. ఇదంతా జెట్ల పనికి సంబంధం లేనిదని ఆయన వదిలేసి ఉండవచ్చు, వదిలేయలేదు.

రోడ్డు పక్క చికెన్ గ్రిల్లు పెట్టుకునే వారు కూడా ఈ షాపుకు వస్తారు. మేమున్నప్పుడు వచ్చిన ఒకరు టిఫిన్ సెంటర్ల పొయ్యిలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్‌ను ఇంటి గ్రిల్లుకు బిగించమని అడిగారు. ఈ జెట్లు, ఈ వాల్వులు తక్కువ ఒత్తిడికి చేసినవని చెప్పి ఆయన నిరాకరించారు. ఇళ్లకు ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదని, 19 కిలోల సిలిండర్ తీసుకోవాలని కూడా ఆ మనిషికి మర్యాదగానే చెప్పారు.

జెట్ల ధర, కూలి వేరువేరుగా ముందే చెప్పారు, చివరిలో ఒక్క రూపాయి కూడా పెంచలేదు. రెండూ కలిపినా కొత్త గ్రిల్లు ధరలో చాలా చిన్న భాగమే అయింది. వెళ్లదలచినవారు గ్రిల్లుతోపాటు ఇంట్లో వాడబోయే రెగ్యులేటర్‌ను, రబ్బరు ట్యూబును కూడా తీసుకెళ్లాలి. ట్యూబు మీద ముద్రించిన తేదీ దాటి ఉంటే దానితో ఆయన పరీక్ష చేయరు. పాత జెట్లు ఉంటే పొట్లం కట్టి వెంట ఉంచుకోండి. పైడితల్లి అమ్మవారి జాతర అయిన సిరిమానోత్సవం రోజుల్లో మాత్రం ఆ బజారులోకి గ్రిల్లు మోసుకుని వెళ్లడం అయ్యే పని కాదు.