నేరం, శిక్ష, మత్తు: క్రైస్తవ, ఇస్లామ్ దృక్పథాలు

హంతకుడిని ఏం చేయాలన్న ప్రశ్న దగ్గరే ఈ రెండు మతాల తేడా స్పష్టంగా బయటపడుతుంది. ఖుర్ఆన్ (2:178) నిర్ణయాన్ని హతుని కుటుంబం చేతిలో పెడుతుంది: వారు ఖిసాస్, అంటే సమానమైన ప్రతిశిక్ష, కోరవచ్చు, దియత్ అనే పరిహారం తీసుకుని విడిచిపెట్టవచ్చు, పూర్తిగా క్షమించనూ వచ్చు. క్రైస్తవంలో ఇలాంటి శిక్షాస్మృతి లేదు. "కంటికి కన్ను" అన్న పాత నియమాన్ని యేసు కొండమీది ప్రసంగంలో పక్కన పెట్టగా, పాలకుడు ఖడ్గాన్ని ఊరకే ధరించడని, అంటే శిక్షించే అధికారం అతనికుందని, అపొస్తలుడైన పౌలు బైబిల్లోని రోమా పత్రికలో రాశాడు. ఈ రెండు మాటలకు పొత్తు కుదర్చడానికి సంఘాలు శతాబ్దాలుగా తంటాలు పడుతున్నాయి. మరణశిక్ష ఆమోదయోగ్యం కాదంటూ కాథలిక్ సంఘం తన ధర్మోపదేశాన్ని సవరించింది 2018లో మాత్రమే.

దొంగ చేయి నరకమన్న ఖుర్ఆన్ ఆదేశం (5:38) కఠినమైనదే. అయితే సొత్తుకు కనీస విలువ ఉండాలని, భద్రపరచిన చోటి నుంచి తీసినదై ఉండాలని, సందేహముంటే శిక్ష ఆపాలని ధర్మశాస్త్రజ్ఞులు షరతులు విధించారు. వాటిని దాచి శిక్షను మాత్రమే ఎత్తిచూపడం పోలిక అనిపించుకోదు.

మద్యం సంగతి వేరు. ఖుర్ఆన్ మొదట దాని కీడు మేలుకన్నా పెద్దదని (2:219), తరువాత మత్తులో నమాజుకు రావద్దని (4:43), చివరకు పూర్తిగా మానమని (5:90) చెప్పింది. యేసు మాత్రం కానా పెళ్లిలో నీటిని ద్రాక్షారసం చేశాడు. క్రైస్తవంలో చాలామందికి తప్పు తాగడం కాదు, మత్తులో మునగడం. అయితే ప్రొటెస్టంట్ శాఖ అయిన మెథడిస్టు సంఘాలు అనేకం ప్రభు భోజనంలోనూ (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) పులియని రసాన్నే వాడతాయి.